మధ్యాహ్నం గంట దాకా

నాకు నోరెక్కువ. ఈ మాట నేను చెప్పుకోవడం కాదు, పెళ్ళైన నెలకే మా ఆయన శ్రీరామమూర్తి తేల్చేశారు. ఆయన బ్యాంకులో రోజంతా ఖాతాదారులతో మెత్తగా మాట్లాడి, ఇంటికొచ్చాక ఆ మాటలు కూడా మానేస్తారు. అందుకని అత్తాపూర్‌లో మా ఇంట్లో ఇద్దరి వంతూ నేనే మాట్లాడతాను. అలాంటి నన్ను తీసుకెళ్ళి నోరు విప్పని మనుషుల మధ్య పడేస్తే ఏమవుతుంది? అదే చెప్పబోతున్నాను.

రెండు వేల పదమూడు, జూన్ మొదటి వారం. శంషాబాద్ దగ్గర సిస్టర్లు నడిపే హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. అంతకు ముందు ఏడాది హెడ్మిస్ట్రెస్ సిస్టర్‌కి వెన్నెముక ఆపరేషన్ అయింది. ఆవిడ బదులు పంపడానికి మఠంలో ఎవరూ లేకపోయారు. దాంతో ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఆ బడి పుట్టాక మఠానికి చెందని మనిషి, అందులోనూ బొట్టు పెట్టుకునే మనిషి, ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. తలుపు మీద బోర్డులో నా పేరు రత్నమాల అని రాసి, కింద ‘హెడ్మిస్ట్రెస్ ఇన్‌చార్జ్’ అని రాయించారు. ఆ ఇన్‌చార్జ్ అన్న మాట రోజూ కంట్లో నలుసులా గుచ్చుకునేది. ఇన్‌చార్జ్ అంటే అర్థమేంటి, ఎప్పుడైనా లేచిపొమ్మనొచ్చు అనేగా!

లేచిపొమ్మనడానికి కారణం కూడా నేనే చేతికిచ్చాను. మా వైపు చాలా బళ్ళలో ఒక అలవాటుంది. తొమ్మిదో తరగతి అయ్యాక చదువులో వెనకబడ్డ పిల్లల్ని ఏరతారు. తల్లిదండ్రుల్ని పిలిచి, కాఫీ ఇచ్చి, “మీ అబ్బాయికి వేరే బడైతే బాగుంటుందండీ” అని తియ్యగా చెప్పి టీసీ చేతిలో పెడతారు. పదో తరగతికి మెరికల్లాంటి వాళ్ళే మిగులుతారు. ఇక మే నెల రాగానే గేటుకి ‘వంద శాతం ఉత్తీర్ణత’ అని ఫ్లెక్సీ! ఏరిపారేసి మిగిలినవాళ్ళు పాసైతే అందులో మన గొప్పేముంది? నాకు ఒళ్ళు మండింది. నా ఏడాదిలో ఎవరికీ టీసీ ఇవ్వలేదు. నలుగురు తప్పారు. ఎన్నో ఏళ్ళలో మొదటిసారి మా గేటుకి ఫ్లెక్సీ పడలేదు. మా కరస్పాండెంట్ సిస్టర్ నన్నేమీ అనలేదు. ఫలితాల కాగితం చూసి “చూద్దాం” అని మాత్రం అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ జూన్‌లో ఏరివేతకి వరసలో ముందున్న పిల్ల మనీషా. బడి వెనక ఊళ్ళోనే ఉంటుంది. తండ్రి జగన్ ఎయిర్‌పోర్టుకి క్యాబ్ నడుపుతాడు. మనీషాకి తెలుగు పద్యం ఒక్కసారి వింటే వచ్చేస్తుంది, లెక్కల దగ్గరికొచ్చేసరికి పెన్ను కింద పెట్టేస్తుంది. సంవత్సరమంతా నా దగ్గర కూర్చుని భిన్నాల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఆ కుర్చీలో ఉంటే మనీషా ఉంటుంది. నేను లేస్తే, వచ్చే ఆవిడ చేసే మొదటి పని ఆ పిల్ల చేతిలో టీసీ పెట్టడమే. ఈ సంగతి నాకూ తెలుసు, జగన్‌కీ తెలుసు.

ఆ పరిస్థితిలో పిలుపొచ్చింది. మా మేత్రాసనంలో, అంటే ఒక బిషప్పు గారి కిందికొచ్చే ప్రాంతమంతటిలో, ఉన్న క్యాథలిక్ హైస్కూళ్ళ హెడ్‌లందరికీ మూడు రోజుల నాయకత్వ శిక్షణ. శంషాబాద్ దాటాక తోటల మధ్య ఉన్న ధ్యాన కేంద్రంలో పెట్టారు. ఫాదర్లు, సిస్టర్లు, వాళ్ళ మధ్య నేను. మొదటి రోజు సాయంత్రానికే చేరాలి. సరిగ్గా ఆ రోజే మా బడి బోరు మోటారు కాలిపోయింది. వారంలో బడి తెరవాలి, నీళ్ళు లేకపోతే ఎలా? మెకానిక్ నెత్తిన కూర్చుని చేయించేసరికి పొద్దుపోయింది. మర్నాడు పొద్దున్నే జగన్ కారులో బయల్దేరాను.

దారిలో జగన్ అద్దంలో నన్ను చూస్తూ అడిగాడు.

“మేడం, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మా మనీషను ఉంచుతరా? బయట ఏందేందో అంటున్రు. మీరే ఉంటలేరంట కదా.”

“ఎవరన్నారు?”

“అందరు అంటున్రు మేడం. నేనైతే టెన్త్ తప్పి స్టీరింగ్ పట్టిన. అది గిట్ల కావొద్దని నా పరేషాన్.”

“ఊళ్ళో వాళ్ళకి పనేముంది? తాటాకు చప్పుళ్ళకి బెదిరే కుందేల్ని కాదు నేను,” అన్నాను. అన్నాను గానీ మిగతా దారంతా అదే ఆలోచన. ఊరందరికీ తెలిసిన సంగతి నాకే చెప్పలేదన్నమాట.

గేటు దగ్గర వాచ్‌మన్ మొగులయ్య సంచీ అందుకున్నాడు. అంతకు ముందు ఒకసారి మీటింగుకి వచ్చినప్పటి పరిచయం.

“అగో, వచ్చిండ్రా మేడం! నిన్న పొద్దుమూకి అంత మీ ముచ్చటనే నడిచింది. పెద్ద ఫాదర్ మస్తు గరమైండు.”

“నా ముచ్చటా? ఏమన్నారు?”

“నాకేం సమజ్ కాలే మేడం. చాయ్ ఇయ్యనీకి పోయిన, మీ పేరు ఇనవడ్డది. పోండ్రి, టిఫిన్ పెడుతున్రు.”

పెద్ద ఫాదర్ అంటే ఇన్నారెడ్డి గారు, మేత్రాసనం బళ్ళన్నిటికీ పైన ఉండే మనిషి. ఆయన గరమయ్యారంటే నా పని అయిపోయినట్టే.

భోజనాల గదిలోకి అడుగుపెట్టాను. ముప్పై మంది దాకా ఉన్నారు. ఇడ్లీ తింటున్నారు. చెంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. “నమస్కారమండీ, ఆలస్యమైంది, మోటారు కాలిపోయింది” అన్నాను అందరికీ వినబడేట్టు. కొందరు తలెత్తి, చేతులు జోడించి, మళ్ళీ తలలు దించేసుకున్నారు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళు ‘రండి’ అనలేదు! సరే, సిస్టర్ శౌరీలు పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ నగరంలో పేరున్న పెద్ద బడి హెడ్మిస్ట్రెస్. ఎన్నేళ్ళుగానో వంద శాతం తప్ప ఎరగని మనిషి. “బాగున్నారా సిస్టర్?” అన్నాను. నన్ను చూసింది. పెదాలు బిగబట్టింది. ప్లేటు తీసుకుని లేచి, గదికి ఆ చివర బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. అంటరానిదాన్నా నేను? నలుగురు పిల్లలు తప్పితే ఇంత వెలా?

టిఫినయ్యాక హాల్లోకి తొంగిచూస్తే కుర్చీలన్నీ అర్ధచంద్రాకారంలో వేసి ఉన్నాయి. వాటికెదురుగా ఒక్క కుర్చీ. దాని మీద అతికించిన అట్టముక్క మీద నా పేరు. పంచాయితీలో దోషిని నిలబెట్టినట్టు! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే మరి.

బయటికొచ్చాను. ఫాదర్లు, సిస్టర్లు చెట్ల కింద ఎవరికి వాళ్ళు నెమ్మదిగా నడుస్తున్నారు. చేతుల్లో జపమాలలు. ఇద్దరు కలిసి నడిచేవాళ్ళు కూడా లేరు. పెద్ద ఫాదర్ కనబడితే గబగబా ఎదురెళ్ళాను.

“ఫాదర్ గారూ, ఒక్క మాట. నన్ను తీసేస్తే తీసేశామని చెప్పండి, ఈ నాన్చుడెందుకు?”

ఆయన చిరునవ్వు నవ్వి, చేతి గడియారం మీద వేలితో కొట్టి, నావైపు చూపించి, తర్వాత హాలు వైపు చూపించారు. నాకు అర్థమైంది. టైము దగ్గరపడింది, హాల్లో నీ సంగతి తేలుస్తాం అని! నవ్వుతూ చెబుతున్నాడు చూడు మహానుభావుడు అనుకున్నాను.

పదకొండింటికి వరండాలో టీ. అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. అప్పటికి పొద్దుట్నుంచీ నాతో ఒక్క మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆయనే నయం, కనీసం ‘ఊ’ అంటారు. ఇంక నావల్ల కాలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాను. పెట్టడం కాదు, కొట్టాను.

“అయ్యా, అమ్మా, మీరంతా పెద్దవాళ్ళు, దేవుడి పని చేసేవాళ్ళు. నామీద నిన్న పంచాయితీ అయిందని తెలుసు. తీర్పు అయిందనీ తెలుసు. నన్ను పంపేయండి, పోతాను. లెక్కలు చెప్పుకునేదానికి ఈ ఊళ్ళో బళ్ళకి కరువా? కానీ ఒకటి చెప్పి పోతాను. మనీషా అని ఒక పిల్ల ఉంది. రెండేళ్ళ కింద భిన్నం చూస్తే ఏడ్చేది. ఇప్పుడు తప్పు చేస్తే తనే కొట్టేసుకుని మళ్ళీ చేస్తోంది. ఆ పిల్లని బయటికి పంపితే ఇంకో బడి చేర్చుకోదు, మీకూ తెలుసు. చదువు వచ్చినవాళ్ళకే చెబుతామంటే ఇంక మనమెందుకు? అన్నం తిన్నవాడికే మళ్ళీ వడ్డించే ఇల్లు అది. మీ బళ్ళ గోడల మీదంతా పిల్లల్ని దగ్గరికి తీసుకున్న ఏసుక్రీస్తు పటాలే. ఆయన ముందు నిలబడే కదండీ టీసీలిస్తున్నారు! ఇంతమందిలో ఒక్కరైనా నోరు విప్పరేం? నాతో మాట్లాడితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?”

ఒక కుర్ర ఫాదర్ తల దించుకున్నాడు. సిస్టర్ శౌరీలు ముసుగు కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతోంది! పిల్లల గోడు చెబితే నవ్వు! సంచీ తీసుకుని గేటు వైపు నడిచాను. కళ్ళలో నీళ్ళొచ్చేశాయి, కోపానికో, అవమానానికో.

వెనకాల పరుగెత్తిన చప్పుడు. సిస్టర్ శౌరీలు నా మణికట్టు పట్టుకుంది. అరవై దాటిన మనిషి, రొప్పుతోంది. చేతులు తిప్పుతూ ఏదో సైగలు చేసింది.

“సైగలేంటండీ? నోరు పడిపోయిందా?” అన్నాను.

ఆవిడ చుట్టూ చూసింది, ఆకాశం వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది, ఇంక తెగించింది.

“మౌనమమ్మా తల్లీ, మౌనం! రాత్రి ప్రార్థన దగ్గర్నుంచి మధ్యాహ్నం గంట దాకా ఎవరూ మాట్లాడకూడదు. ఎప్పుడు కూడినా మొదటి పూట ఇంతే మాకు. ఎవరూ చెప్పలేదా నీకు? ఓసి పిచ్చిదానా!”

“మరి... నా పక్కనుంచి లేచిపోయారు?”

“లేవక? నిన్నట్నుంచీ నిన్ను అడగాల్సినవి కడుపులో ఉబ్బిపోతున్నాయి. నీ పక్కన కూర్చుంటే ఆగుతానా? ఇదిగో, ఇప్పుడు ఆగానా? ముప్పై ఎనిమిదేళ్ళలో మౌనం తప్పలేదు నేను. నీ పుణ్యమా అని అదీ అయింది.”

“మరి నవ్వారేం?”

“నువ్వు అరుస్తుంటే ఫాదర్ గారి మొహం చూశావా? జవాబు చెప్పలేక, ఊరుకోలేక, టీ గ్లాసులో బిస్కెట్టు పడేసుకుని వేలు పెట్టి వెతుక్కుంటున్నాడు!”

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, సిగ్గొచ్చింది. భూమి చీలితే అందులోకి దూరేదాన్ని. సంచీ కింద పెట్టి రాతి బల్ల మీద కూలబడ్డాను. ఆవిడ పక్కనే కూర్చుని, మళ్ళీ పెదాలు బిగించి, గంట కొట్టేదాకా నా చెయ్యి వదలకుండా మౌనంగా ఉంది. పొద్దుట్నుంచీ నన్ను అంత హింస పెట్టిన మౌనం అప్పుడు చల్లగా హాయిగా అనిపించింది. పైన విమానం పోతున్నా పట్టించుకోలేదు.

గంట కొట్టారు. అబ్బ, ఆ గోల! ముప్పై మందీ ఒక్కసారి నోళ్ళు విప్పి నా చుట్టూ చేరారు. “మేడం గారూ, సారీ అండీ”, “మోటారు బాగైందా?”, “మనీషా ఎవరు, ఏ క్లాసు?” ఇన్నారెడ్డి గారు అందర్నీ తప్పించుకుని వచ్చి రెండు చేతులూ జోడించారు.

“తప్పు మాది మేడం. సర్క్యులర్ల అన్ని రాసినం, దుప్పటి తెచ్చుకోమని గూడ రాసినం. మౌనం సంగతి రాయలే. ఫాదర్ల చదువుకని సెమినరీల చేరిన కాన్నుంచి మాకిది అన్నం తిన్నంత మామూలు. తెలియనోళ్ళు ఉంటరన్న ఆలోచనే రాలే. ఇన్నేండ్లు మేమే మేము కదా.”

“మరి గడియారం చూపించారు? హాల్లో ఆ ఒంటరి కుర్చీ?”

“గంట కొట్టినంక మాట్లాడుతమని చూపిచ్చిన. ఆ కుర్చీ మీరు మాట్లాడనీకి. మధ్యాహ్నం మొదటి క్లాసు మీదే.”

“నాదా? నేనేం చెప్పాలి?”

ఆ మాటకి జవాబు సిస్టర్ శౌరీలు చెప్పింది. హాల్లో అందరూ కూర్చున్నాక నిలబడి చెప్పింది.

“నిన్న నేను మొదలుపెట్టాను ఈ సంగతి. క్రితం నెల విమానమెక్కడానికి వెళితే ట్రాలీలు తోసే అబ్బాయి ఒకడు ‘గుడ్ మార్నింగ్ సిస్టర్’ అన్నాడు. శివ. నేనే తొమ్మిదిలో టీసీ ఇచ్చి పంపాను. నా సామాను తనే తోశాడు, సంతోషంగా. ఒక్క మాట అనలేదు నన్ను. ఆ రోజునుంచీ నాకు ఫ్లెక్సీ చూస్తే భయమేస్తోంది. నిన్న ఇక్కడ అడిగాను, ఎవరైనా టీసీ ఇవ్వకుండా నడిపారా అని. నీ పేరొక్కటే వచ్చింది. అందుకే నువ్వు చెప్పాలి, ఎలా చేశావో.”

ఒక ఫాదర్ గారు, నగరంలో పెద్ద బడి ఆయన, సణుగుతూనే ఉన్నారు. “వంద శాతం లేకుంటే అడ్మిషన్లు పడిపోతాయి, పిల్లలు కార్పొరేట్ బళ్ళకి పోతారు. అప్పుడు జీతాలు ఎవరిస్తారు?” ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ఇన్నారెడ్డి గారు నిన్న గరమైంది ఆయన మీదేనట. చాలాసేపు వాదన నడిచింది. బెంగుళూరు నుంచి వచ్చిన శిక్షకుడు చార్టులు, రంగు పెన్నులు పట్టుకుని ఓ మూల కూర్చుండిపోయాడు పాపం.

నేనేం చెప్పాను? ఉన్నదే చెప్పాను. గొప్ప పద్ధతేమీ లేదని, భిన్నాల దగ్గరికి వెనక్కి వెళ్ళానని, విసుక్కున్నానని, ఒక్కదాన్నే అందరికీ చాలలేదని, అందుకే నలుగురు తప్పారని. హెడ్మిస్ట్రెస్ గదిలో కూర్చున్నాక సలహా అడగడానికి మనిషి లేక గోడలతో మాట్లాడానని కూడా చెప్పాను. ఎదురుగా నాలుగైదు తలలు ఊగాయి. అప్పుడు తెలిసింది, ఆ గదులన్నీ ఒకలాంటివేనని.

సాయంత్రానికి తేలింది. ఆ ఏడాది మేత్రాసనం బళ్ళలో తొమ్మిది నుంచి పదికి ఎవరికీ టీసీ ఇవ్వరు. వెనకబడ్డ పిల్లలకి శనివారాలు కలిపి క్లాసులు. మా వైపు బళ్ళ పిల్లలంతా మా బడికే వస్తారు. లెక్కలు నేను, ఇంగ్లీషు సిస్టర్ శౌరీలు. పెద్ద బడి ఫాదర్ గారు “ఒక్క సంవత్సరం చూస్తాను” అన్నారు. అంత మాత్రం చాలు.

లేస్తుంటే ఇన్నారెడ్డి గారు అన్నారు, “ఇంకొకటి మేడం. మీ కరస్పాండెంట్ సిస్టర్ ఫోన్ చేసింది నిన్న పొద్దుగాల. బోర్డు మీద ఇన్‌చార్జ్ అన్న మాట తీయమన్నది.”

“మరి ఆవిడ నాతో ‘చూద్దాం’ అన్నారే!”

“ఆమె అన్నిటికి గదే అంటది. నాతో గూడ,” అని నవ్వారు.

గుండె మీద బండ దిగిందంటారే, నిజంగానే దిగింది. అక్కడే కూర్చుని రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాను.

మా బడికి నీళ్ళొస్తున్నాయో లేదో చూసుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ వస్తానని చెప్పి బయల్దేరాను. గేటు బయట జగన్ కారు. తలుపు తీసి పట్టుకున్నాడు, నా మొహం చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఏడ్చిన కళ్ళు కదా, ఎర్రగా ఉంటాయి. కారు కదిలింది. పొద్దున అన్ని ప్రశ్నలు వేసినవాడు ఒక్క మాట అడగడు. రేడియో కూడా పెట్టలేదు.

నాకు అర్థమైంది. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగడం లేదు. ఎదుటి మనిషి ఊరుకుంటే మనసు ఎన్ని చెడ్డ మాటలు వినిపిస్తుందో ఆ రోజు నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

“జగన్, మనీషా మన బళ్ళోనే పది చదువుతుంది. టీసీ ఇవ్వడం లేదు. నేనూ ఎక్కడికీ పోవడం లేదు.”

కారు మెల్లగా పక్కకి తీసి ఆపాడు. దిగాడు. అటు తిరిగి నిలబడి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ముందు అద్దం కూడా తుడిచాడు. శుభ్రంగా ఉన్న అద్దమే అది. లోపలికొచ్చి ఫోన్ నొక్కి నా చేతికిచ్చాడు.

“మీరే చెప్పుండ్రి మేడం. నేను చెప్తే నమ్మది.”

“మనీషా,” అన్నాను, “సోమవారం నుంచి పదో తరగతి. శనివారాలు కూడా రావాలి, ఎగ్గొడితే ఊరుకోను. విన్నావా?”

అటునుంచి మాట రాలేదు. మెల్లగా ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత వెక్కిళ్ళు.

మామూలుగా అయితే ‘పలకవేం’ అని గద్దించేదాన్ని. ఆ రోజు నేనూ నోరు మూసుకున్నాను. ఆ పిల్ల ఏడుపు తీరి, “సరే మేడం” అనేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.